ముందు పురుగును చూపించండి



జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్లలో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడ దొరకడం కష్టం. దుబాయిలో పనిచేసే ఒక తండ్రి సెలవు నాడు అక్కడి సీతాకోకచిలుకల తోటకు పోతాడు. లోపలి నుంచే ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. ఇక్కడ పిల్లలు ఫోను చుట్టూ చేరుతారు. "బాపూ, నెత్తి మీద వాలింది సూడు", "బాపూ, ఇంకోటి సూపియ్యి" అని ఒకటే గోల. ఆ తోటను 2015లో తెరిచారు. ఎడారి నడుమ, చల్లబరిచే యంత్రాలు పెట్టిన గుమ్మటాల కింద వేల సీతాకోకచిలుకలు తిరుగుతుంటాయి. ఫోను పెట్టేసిన తర్వాత పిల్లలు తాతనో అమ్మమ్మనో పట్టుకుని అడుగుతారు: "మన దగ్గర గిసొంటిది యాడున్నది?"

ఈ ప్రశ్న నన్ను కూడా చాలామంది అడిగారు. బడిలో జీవశాస్త్రం చెప్పిన మనిషిని కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. టికెట్టు కొని లోపలికి పోయేదే కావాలంటే మనకు దగ్గరిది హైదరాబాదు. బహదూర్‌పురాలోని నెహ్రూ జూలాజికల్ పార్కులో సీతాకోకచిలుకల కోసం ప్రత్యేకంగా తోట ఉంది. కరీంనగర్ నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరుకోవచ్చు. సోమవారం జూకు సెలవు, అది మరిచిపోయి పిల్లల్ని తీసుకుపోతే గేటు దగ్గర వాళ్ల ఏడుపు మీరే ఆపుకోవాలి. ఇంకా దూరం పోగలిగితే బెంగళూరు పక్కన బన్నేరుఘట్ట ఉంది. 2006లో మొదలైన ఆ తోటలో పారదర్శకమైన పైకప్పు వేసిన పెద్ద గుమ్మటం ఉంది, లోపల చిన్న జలపాతం కూడా కట్టారు.

ఇట్లాంటి ఇళ్లు అసలు చలిదేశాల వాళ్ల ఆలోచన. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమ గెర్న్‌సీ అనే చిన్న దీవి ఉంది. ఒకప్పుడు అక్కడ గాజు గదుల్లో టమాటాలు పండించేవారు. ఆ వ్యాపారం పడిపోయి గదులు ఖాళీ పడ్డాక, 1970లలో ఒకాయన వాటిలో సీతాకోకచిలుకల్ని పెంచి జనానికి చూపించడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి అది యూరపంతా, అమెరికా అంతా పాకింది. ఏడాదిలో సగం రోజులు మంచు, ముసురు ఉండేచోట, వేడి చేసిన గాజు గదిలోకి పోయి ఉష్ణమండలపు రంగులు చూడటం వాళ్లకు పండుగే మరి. లోపల ఎగిరేవాటిలో చాలా మటుకు అక్కడ పుట్టినవి కావు. కోస్టారికా, మలేసియా, ఫిలిప్పీన్స్ వంటి దేశాల్లో రైతులు పెంచిన ప్యూపాలు పెట్టెల్లో విమానమెక్కి వస్తాయి. ప్యూపా అంటే, గొంగళిపురుగు తిండి మానేసి, కదలకుండా వేలాడే దశ. వాటిని అద్దాల అల్మారాలో వరుసగా వేలాడదీస్తారు, అందులోంచే రెక్కలు విప్పుకుని బయటికొస్తాయి.

పిల్లల్ని తీసుకుపోయేవాళ్లు లోపలికి పోగానే నేరుగా ఆ అల్మారా దగ్గరికి పొండి. మిగతావన్నీ తర్వాత. ఎగిరేవాటిని చూపించడానికి మీ సాయం అక్కర్లేదు, పిల్లలే చూసుకుంటారు. వేలాడుతూ కదలకుండా ఉన్నదాని ముందు ఆగాలంటే మాత్రం పక్కన పెద్ద మనిషి ఉండాలి. బయటికి రాబోయే ప్యూపా ముందు రోజు నల్లబడుతుంది, పైపొర పలచనై లోపలి రెక్కల రంగు కనబడుతుంది. ఎక్కువగా పొద్దుపూటే పగులుతుంది. బయటికొచ్చిన సీతాకోకచిలుక పెద్ద పొట్టతో, నలిగి ముడుచుకున్న రెక్కలతో ఉంటుంది, చూడటానికి ఏమంత అందంగా ఉండదు. పొట్టలోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి ఎక్కించి వాటిని చాపుతుంది. గంటో రెండు గంటలో ఆరబెట్టుకున్న తర్వాతే ఎగురుతుంది. దాని నాలుక కూడా పుట్టగానే రెండు చీలికలుగా ఉంటుంది, చుట్టి విప్పి, చుట్టి విప్పి రెంటినీ అతికించుకుని ఒకే గొట్టం చేసుకుంటుంది. ఇదంతా నాలుగేళ్ల పిల్ల చూస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. చూస్తుంది. మనకే ఓపిక చాలదు.

లోపల ఉక్కపోతగా ఉంటుంది. రెండు తలుపులుంటాయి, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి. చిన్న పిల్లలకు ఇదొక ఆట, రెండు తలుపులూ వాళ్లే మూయాలంటారు, మూయనియ్యండి. అడుగు ఎక్కడ వేస్తున్నారో చూసుకోమని మాత్రం గట్టిగా చెప్పాలి, కొన్ని నేల మీదే కూర్చుంటాయి. వెంటపడి పరుగెత్తితే ఒక్కటీ నిలవదు. మెత్తబడ్డ అరటిపండ్లు, కోసిన పండ్ల ముక్కలు పెట్టిన పళ్లెం ఒకటి ఎక్కడో ఉంటుంది, దాని పక్కన కూర్చుంటే అవే వస్తాయి. సీతాకోకచిలుకలన్నీ పూల తేనె తాగి బతుకుతాయని మనం పాటల్లో నేర్పిస్తాం కానీ, కొన్ని పువ్వు మొహం చూడవు. కుళ్లిన పండు, చెట్టు కారే రసం, ఆఖరికి పశువుల పేడ, ఇవే వాటికి ఇష్టం. ఈ సంగతి చెప్పి చూడండి, పిల్లలు ఆ పూట ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా పేడ సంగతి గుర్తుపెట్టుకుంటారు.

తాకవద్దని చెప్పేటప్పుడు కారణం చెప్పండి. రెక్కల మీది రంగుపొడి నిజానికి పొడి కాదు, చిన్నచిన్న పొలుసులు, ఒకదాని మీద ఒకటి వరుసగా అతుక్కుని ఉంటాయి. వేలితో పట్టుకుంటే రాలుతాయి, రాలినవి మళ్లీ మొలవవు. కొంచెం రాలితేనే చచ్చిపోతుందని భయపెట్టడం అబద్ధం. అబద్ధంతో నేర్పిన జాగ్రత్త అది అబద్ధమని తెలిసేదాకానే నిలుస్తుంది. కొందరు పిల్లలు, ముఖ్యంగా మూడేళ్ల లోపు వాళ్లు, పెద్దది మొహం దగ్గరికి రాగానే జడుసుకుని ఏడుస్తారు. ఫోటో కోసం వాళ్లను బలవంతంగా నిలబెట్టకండి. చంకనెత్తుకుని బయటికి తెచ్చేయండి. టికెట్టు డబ్బులు పోతే పోయాయి.

హైదరాబాదు సంగతి ఇంతటితో వదిలేస్తాను. నేను చెప్పాలని వచ్చింది వేరే. గాజు గది చలిదేశానికి అవసరం. మన కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల్లో ఏ ఊరి పొలిమేర చూసినా, వానలు వెనకబట్టి దసరా దగ్గరపడే వేళకు, ఆ గాజు గదిలో ఉన్నదంతా బయటే ఉంటుంది. లేనిదల్లా పక్కన నిలబడి ఇక్కడ చూడండని చెప్పే మనిషి.

జిల్లేడుతో మొదలుపెడదాం. బడి గోడ పక్కన, రైలు కట్ట వెంట, స్మశానం దగ్గర, జిల్లేడు లేని చోటేది? నారింజ రంగు రెక్కలు, కొసలకు నల్ల అంచు, ఆ నలుపులో తెల్ల చుక్కలు, ఇట్లాంటి సీతాకోకచిలుక ఒకటి దాని చుట్టూ తక్కువ ఎత్తులో, తీరుబడిగా తిరుగుతుంటుంది. ఇంగ్లిషు పుస్తకాల్లో ప్లెయిన్ టైగర్ అంటారు. ఆకు మీద వాలి ముందరి కాళ్లతో తడుముతుంది. సీతాకోకచిలుకలకు కాళ్లలోనే రుచి తెలుస్తుంది, ఇది తన పిల్లలు తినే ఆకేనా అని కాళ్లతో చూసుకుంటుంది. ఔననుకుంటే ఒక్క గుడ్డు పెట్టి లేచిపోతుంది. పిల్లల్ని ఆ ఆకు తిప్పి చూడమనండి. తెల్లటి గుడ్డు, ఆవగింజ కన్నా చిన్నది, ఉండొచ్చు. లేదంటే నలుపు, తెలుపు, పసుపు పట్టీలున్న పురుగు, ఒంటి మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి ఊపుకుంటూ ఆకు కొరుకుతూ ఉండొచ్చు. గుడ్డు నుంచి రెక్కల దాకా, ఎండా వానా బట్టి, మూడు నాలుగు వారాల్లో అంతా అయిపోతుంది. అంటే దసరా సెలవుల్లో గుడ్డు చూపిస్తే, దీపావళి లోపు సీతాకోకచిలుకను చూపించవచ్చు.

ఒక జాగ్రత్త. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఆకు తిప్పాలి కానీ తెంపకూడదు, చూశాక చేతులు సబ్బుతో కడగాలి. ఈ రెండు మాటలూ చెప్పకుండా పిల్లల్ని జిల్లేడు దగ్గరికి పంపకండి.

ఆ విషమే పురుగుకు రక్షణ. జిల్లేడు ఆకులోని చేదు విషం పురుగు ఒంట్లో చేరుతుంది, రెక్కలొచ్చాక కూడా పోదు. ఒకసారి నోట్లో పెట్టుకున్న పక్షి మళ్లీ ఆ రంగుల జోలికి పోదు. అందుకే అది అంత తీరుబడిగా ఎగురుతుంది. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. అచ్చం ఇట్లాగే ఉండే ఇంకో సీతాకోకచిలుక ఉంది, దానికి విషం లేదు. ఆ జాతిలో ఆడది మాత్రమే ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుంటుంది. మగదేమో నల్లగా, రెక్కల మీద పెద్ద తెల్లటి మచ్చలతో, మచ్చల అంచున ఊదా మెరుపుతో ఉంటుంది. రెండూ మొగుడూ పెళ్లాలని చెబితే పిల్లలు నమ్మరు. ఈ వేషగత్తె గుడ్లు పెట్టేది గంగవాయిలి కూర మీద. మనం పప్పులో వేసుకునే ఆ గంగవాయిలి కూరే. పెరట్లో కూర ఏరే అమ్మమ్మ దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టండి. ఆకులో ముళ్లు ముళ్లుగా ఉన్న నల్ల పురుగు కనబడితే, దాన్ని ఒక కొమ్మతో సహా పక్కకు పెట్టమనండి.

కరివేపాకు చెట్టు, నిమ్మచెట్టు ఉన్న ఇంటికి ఇంకా చెప్పక్కర్లేదు. వాటి మీద చిన్న పురుగు ఒకటి ఉంటుంది, చూస్తే పిట్ట రెట్ట పడిందనుకుంటారు. ఆ వేషమే దాని బతుకు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో కొద్దిగా తాకితే తల వెనక నుంచి నారింజ ఎరుపు రంగులో రెండు కొమ్ములు బయటికి తీసి ఘాటైన వాసన కొడుతుంది. నేను చూసిన ఏ పిల్లవాడూ ఒక్కసారితో ఆగలేదు. మూడోసారికి ఆపండి, పాపం దానికీ అలసట ఉంటుంది. మారేడు, వెలగ, నారింజ, అన్నీ ఈ కుటుంబం చెట్లే, అన్నిటి మీదా ఇవి ఉంటాయి. కరివేపాకు కొమ్మల్ని మొదలంటా తినేస్తున్నాయని మందు కొట్టే ఇల్లాళ్లకు నా మనవి ఒకటే. చెట్టు పెద్దదైతే పురుగులు తినేది మళ్లీ చిగురిస్తుంది. చిన్న మొక్కయితే ఎక్కువ ఉన్నవాటిని పక్కింటి నిమ్మచెట్టు మీదకు మార్చండి. మందు కొట్టిన కరివేపాకు చారులోకీ పోతుందని గుర్తుపెట్టుకోండి.

గన్నేరు మీద ఇంకో వింత. నల్లటి గోధుమ రంగు రెక్కల సీతాకోకచిలుక, ఇంగ్లిషులో కామన్ క్రో అంటారు, దాని ప్యూపా గన్నేరు ఆకు కింద వెండి రంగులో తళతళలాడుతూ వేలాడుతుంది. గుడి ఆవరణలో గన్నేరు చెట్లుంటే ఆకుల అడుగున చూడండి. గన్నేరు కూడా విషమే, చేతులు కడుక్కోవడం అక్కడా తప్పదు.

ఇక తంగేడు. మన రాష్ట్ర పుష్పం. రేల చెట్టు, తంగేడు, కసింద, వీటి ఆకుల మీద పెరిగే పసుపు, లేత ఆకుపచ్చ సీతాకోకచిలుకలు మన దగ్గర లెక్కలేనన్ని. బతుకమ్మ కోసం తెల్లారగట్ల తంగేడు పూలకు పోయే పిల్లలు వాటిని చూస్తూనే ఉంటారు. గునుగు చేను పక్కన నిలబడితే, ఆ తెల్లటి గులాబీ కంకుల మీద గోరంత సైజు నీలి సీతాకోకచిలుకలు తిరుగుతుంటాయి. బతుకమ్మ పువ్వు కోయడం మానమని నేననను. తంగేడు పువ్వు మాత్రం కోయండి, కొమ్మల్ని నరికి తేకండి. పురుగు ఉండేది ఆకులో.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. మాది పత్తి జిల్లా. ఆదిలాబాద్ రైతు ఇంట్లో పురుగు అనే మాటకు ఒకటే అర్థం, పంట పోవడం. గులాబీ రంగు పురుగు పత్తికాయలో దూరి గింజ తినేస్తే ఇంటిల్లిపాది సంవత్సరం కష్టం పోతుంది. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు పురుగు పీడ పోయిందనుకున్నారు, కొన్నేళ్లకు గులాబీ పురుగు దాన్నీ తట్టుకుని తిరిగొచ్చింది. మందు డబ్బా వీపున వేసుకుని చేనుకు పోయే తండ్రిని చూస్తూ పెరిగిన పిల్లవాడికి, పురుగును ప్రేమించరా అని పుస్తకం మాట చెబితే వాడు నవ్వుతాడు. నవ్వడం సబబే.

ఆ పిల్లవాడికి ప్రేమ సంగతి నేను చెప్పను. ఏ పురుగు ఏ ఆకు తింటుందో చెబుతాను. జిల్లేడు పురుగు పత్తి చేనులోకి రాదు, వచ్చినా అక్కడ ఆకలితో చస్తుంది. కరివేపాకు పురుగుకు మిరపతోట అక్కర్లేదు. సీతాకోకచిలుకల్లో చాలా జాతులకు ఒకటి రెండు రకాల చెట్లే ఇల్లూ కంచమూ. రైతు బిడ్డ ఈ సంగతి పట్నం పిల్లల కన్నా తొందరగా పట్టుకుంటాడు. గెట్టు మీద ఉన్న జిల్లేడుకు, తంగేడుకు కూడా మందు కొట్టే అలవాటు మన దగ్గర ఉంది, కలుపు మందయితే గెట్టు గెట్టంతా ఎండిపోతుంది. "బాపూ, గా గెట్టు మీది పురుగు మన పత్తి తినదే" అని పదేళ్ల పిల్లవాడు అనగలిగితే, ఏ అధికారి మాట కన్నా అది ఆ ఇంట్లో ఎక్కువ పనిచేస్తుంది.

పిల్లలకు మొదట నేర్పాల్సింది ఇంకొకటి ఉంది. ఒంటి నిండా వెంట్రుకలున్న పురుగును ముట్టుకోవద్దు. మునగచెట్టు మొదలు మీద గుంపులు గుంపులుగా పేరుకునే బొచ్చు పురుగుల్ని అందరూ చూసే ఉంటారు. అవి పెరిగి సీతాకోకచిలుకలు కావు, రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగులవుతాయి. వాటి వెంట్రుకలు తగిలితే దురద, దద్దురు. ఇప్పటిదాకా నేను చెప్పిన జిల్లేడు, కరివేపాకు, తంగేడు పురుగులకు ఆ బొచ్చు లేదు, కుట్టవు, కరవవు.

రాత్రి ఎగిరేవాటి మాట వచ్చింది కాబట్టి చెన్నూరు, కోటపల్లి అడవుల దాకా ఒకసారి పోయొద్దాం. ప్రాణహిత, గోదావరి దగ్గరి ఆ ఊళ్లలో, అవతల మహదేవపూర్ వైపు కూడా, దసలి పట్టు పెంచే కుటుంబాలున్నాయి. దసలి పురుగును ఇంట్లో పెంచరు. నల్లమద్ది చెట్ల మీద వదిలేస్తారు, అది అడవిలోనే ఆకు తిని పెరిగి, అక్కడే కాయ, అంటే పట్టుగూడు, కడుతుంది. రైతు గుడిసె వేసుకుని, వడిసెల పట్టుకుని, పిట్టలూ చీమలూ రాకుండా కాపలా కాస్తాడు. ఆకాశమే కప్పుగా మనిషి పురుగులకు కావలి ఉండే చోటు ఇది. గాజు గదిని మెచ్చుకునేవాళ్లు దీన్ని చూడకుండా పోతే ఎట్లా? అరచేతి కన్నా పెద్ద రెక్కలతో, రెక్కల మీద కన్నుల్లాంటి గుండ్రటి గుర్తులతో ఆ చిలుక, అంటే దసలి రెక్కల పురుగు, బయటికొస్తే పిల్లలు నోరు తెరుస్తారు. దానికి పనిచేసే నోరు ఉండదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దాని బతుకంతటికీ సరిపోవాలి. కొద్ది రోజుల్లో జతకట్టి గుడ్లు పెట్టి పోతుంది.

అక్కడ ఏ పిల్లవాడైనా అడిగే ప్రశ్న ఒకటే: "కాయ ఉడకబెడితే లోపటి పురుగేమైతది?" చచ్చిపోతుంది. ఈ జవాబు దాచడానికి పెద్దవాళ్లు పడే తంటాలు చూస్తే నాకు చిరాకు. దారం తెగకుండా తీయాలంటే చిలుక కాయను చీల్చుకుని రాకముందే ఉడికించాలి. విత్తనం కోసం కొన్ని కాయల్ని మాత్రం ఉడికించకుండా చిలుకలు బయటికి రానిస్తారు, ఆ గుడ్లతోనే తర్వాతి పంట. చిల్లుపడ్డ కాయలు కూడా పారేయరు, వాటి నుంచి చేత్తో ముతక నూలు తీస్తారు. ఇంత చెబితే చాలు. పిల్లవాడు కాసేపు మౌనంగా ఉండొచ్చు, అమ్మ పట్టుచీరను ఇంకో రకంగా చూడొచ్చు. చూడనియ్యండి.

జన్నారంలో అడవి సఫారీకి పిల్లల్ని తీసుకుపోయేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కవ్వాల్ 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. జీపు ఎక్కిన ప్రతి పిల్లా పులి కోసమే చూస్తుంది. పులి కనబడటం అదృష్టం మాట. వాగు దాటేచోట తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపుగా దిగి ఉండటం మాత్రం, వానలు తగ్గాక, తరచూ కనబడుతుంది. పది, ఇరవై, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, రెక్కలు ముడుచుకుని ఇసుక పీలుస్తుంటాయి. నీళ్ల కోసం కాదు, ఉప్పు కోసం. ఆకుల్లో, తేనెలో ఉప్పు తక్కువ. ఎక్కువగా మగవే వస్తాయి, పోగేసుకున్న ఉప్పును జతకట్టేటప్పుడు ఆడదానికి అందిస్తాయి, అది గుడ్లలోకి పోతుంది. మీ చెమట పట్టిన చేతి మీద ఏదైనా వాలితే అదీ ఉప్పు కోసమే, ఆశీర్వాదం అనుకోకండి. కడెం వాగు మీది కుంటాల జలపాతం దగ్గర కూడా ఈ గుంపులుంటాయి. కానీ అక్కడి బండలు నున్నటివి, నీళ్లు మోసం చేస్తాయి. చిన్న పిల్లల చెయ్యి వదలకండి, బడి ఈడు రాని పిల్లలుంటే కిందికి దిగనే దిగకండి. అడవిలో ఏదీ పట్టి డబ్బాలో వేసుకుని తేకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని సీతాకోకచిలుకలకు కూడా వర్తిస్తుంది.

కరీంనగర్‌లో దిగువ మానేరు డ్యాం పక్కన, ఆదిలాబాద్ దగ్గర మావలలో, ఇంకా చాలా పట్టణాల్లో పార్కులు వచ్చాయి. సంతోషమే. వాటిలో సీతాకోకచిలుకల కోసమని రంగురంగుల పూలమొక్కలు పెడుతున్నారు. పూలు మాత్రమే పెట్టడం అంటే హోటల్ పెట్టినట్టు. వచ్చి తాగి పోతాయి, కాపురం పెట్టవు. గుడ్డు పెట్టాలంటే ఆకు ఉండాలి. పార్కు మూలన నాలుగు జిల్లేళ్లు, ఒక నిమ్మ, ఒక కరివేపాకు, రెండు తంగేళ్లు, ఒక రేల, తేనె కోసం కాస్త గడ్డిచామంతి వదిలేస్తే చాలు. ఖర్చు దాదాపు లేదు. చిక్కల్లా ఒకటే, ఆకులు కొరికి చిల్లులు పడ్డ మొక్క పార్కులో ఉంటే తనిఖీకి వచ్చినవాళ్లకు నచ్చదు. అంగన్‌వాడీ టీచరమ్మలకు, బడి పంతుళ్లకు ఆ ఇబ్బంది లేదు. వాళ్ల ప్రహరీ లోపల జిల్లేడును పీకేయకుండా ఉంచితే చాలు, ప్రదర్శనశాల తయారు.

ఎప్పుడు పోవాలి? సీతాకోకచిలుక ఒంటికి 28, 30 డిగ్రీల వేడి తగిలితే గానీ బాగా ఎగరలేదు. ఆదిలాబాద్ చలి మీకు తెలియంది కాదు, పౌష మాసంలో రాత్రి ఒకోసారి 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ రోజుల్లో పొద్దున తొమ్మిది దాటాకే బయల్దేరండి. ఎండ తగిలే ఆకు మీద రెక్కలు చాపుకుని కూర్చుని ఉంటాయి, పిల్లలు దగ్గరికి పోయి తీరిగ్గా చూడటానికి అదే మంచి వేళ. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు, అవీ నీడకు పోతాయి, మీరూ పొండి.

ఇంట్లో పెంచి చూద్దామని పిల్లలు పట్టుబడితే ఒకటో రెండో పురుగుల్ని తెచ్చుకోండి, అంతకు మించి వద్దు. దోమతెర గుడ్డ చుట్టిన ఏ డబ్బా అయినా సరిపోతుంది. ఏ చెట్టు మీద దొరికిందో ఆ చెట్టు ఆకే పెట్టాలి, రోజూ తాజాది. రెట్టలు రోజూ ఊడ్చాలి. పురుగు తిండి మాని గోడ ఎక్కి తలకిందులుగా వేలాడితే ఇక ముట్టుకోవద్దు. ప్యూపా పగులుతున్నప్పుడు సాయం చేద్దామని గోటితో చీల్చితే ఆ రెక్కలు ఎప్పటికీ సరిగా విచ్చుకోవు. ఎగరడానికి సిద్ధమయ్యాక పొద్దుపూట, వాన లేనప్పుడు, దొరికిన చోటే వదలాలి.

ఒకోసారి సీతాకోకచిలుక రాదు. ఇది ఏ పిల్లల పుస్తకంలోనూ రాయరు, కానీ తరచూ జరిగేదే. కొన్ని ఈగలు, సన్నటి కందిరీగలు పురుగు మీద గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు లోపల తిని పెరుగుతాయి. రెక్కల కోసం ఎదురుచూసే పిల్లల ముందు డబ్బాలో నాలుగు ఈగలు కనబడతాయి. పెద్దవాళ్లు కంగారుపడి డబ్బా దాచేస్తారు. మా ఇంట్లో అట్లాగే జరిగినప్పుడు నేనూ ఏం చెప్పాలా అని తడుముకుంటుంటే, మనుమరాలు డబ్బాకు ముక్కు ఆనించి, "తాతా, గీ ఈగలకు ఏం పెట్టాలె?" అని అడిగింది. ఆ ఈగలు కూడా పువ్వుల తేనె తాగుతాయని చెప్పాను. ఇద్దరం పెరట్లోకి పోయి గడ్డిచామంతి పక్కన డబ్బా మూత తీశాం.